పరపతి లేనివాళ్ల చరిత్ర

ముస్లింలు బ్యాంకులకు ఎందుకు దూరంగా ఉన్నారని అడిగితే మన మేధావుల దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. వాళ్ల మతంలో వడ్డీ హరామ్, అందుకే బ్యాంకు గడప తొక్కరు, అందుకే వెనకబడ్డారు అంటారు. చాలా సౌకర్యమైన జవాబు ఇది. తప్పంతా ముస్లిం విశ్వాసం మీదికి నెట్టేయొచ్చు. బ్యాంకును గానీ, సర్కారును గానీ, మార్కెట్‌ను గానీ ఒక్క ప్రశ్న అడగనక్కర్లేదు.

పాతబస్తీలో ఏ గల్లీలో చూసినా గిర్వీ దుకాణాలున్నాయి. రోజూ సాయంత్రం వచ్చి వసూలు చేసుకుపోయే డైలీ ఫైనాన్సులున్నాయి. ఆటో నడిపేవాడు, తోపుడుబండి మీద పండ్లమ్మేవాడు, ఇంట్లో కూచుని మగ్గం పని చేసే ఆడమనిషి, అందరూ వడ్డీ కడుతూనే ఉన్నారు. హరామని తెలిసే కడుతున్నారు. బ్యాంకు వడ్డీకి ఎన్నో రెట్లు కడుతున్నారు. మతమే అడ్డమైతే తక్కువ వడ్డీకి అడ్డొచ్చి, ఎక్కువ వడ్డీకి అడ్డు రాకుండా ఎట్లా పోతుంది? అడ్డం ఇంకెక్కడో ఉంది.

తెలుగులో పరపతి అనే మాటకు రెండర్థాలున్నాయి. ఒకటి అప్పు. పరపతి సంఘం అంటే అప్పులిచ్చే సంఘం. రెండోది పలుకుబడి. ఉర్దూలో సాఖ్ కూడా అంతే. బజార్లో మనిషికున్న పేరూ సాఖే, ఆ పేరు మీద పుట్టే అప్పూ సాఖే. ఈ మాటలు వాడిన జనానికి ఒక సంగతి బాగా తెలుసు. అప్పు పుట్టాలంటే ముందు ఎతబార్ ఉండాలి. ఆ నమ్మకం పలుకుబడి ఉన్నవాడి ఇంటికే తొందరగా నడిచి వస్తుంది. ఎవర్ని నమ్మాలి, ఎవర్ని నమ్మకూడదు అనేది ఎవరు తేలుస్తారు? దక్కన్ గడ్డ మీద రెండు వందల ఏళ్లుగా అది ఎట్లా తేలుతూ వచ్చిందో చూస్తే ఇవాళ్టి ఫైనాన్స్ సంస్కృతి మొహం కూడా స్పష్టంగా కనిపిస్తుంది.

నవాబుల అప్పు, నౌకర్ల అప్పు

తెలంగాణ ముస్లిం అనగానే నిజాం వారసుడన్నట్టు చూడడం అలవాటైపోయింది. 1937లో అమెరికా పత్రిక టైమ్ తన ముఖచిత్రం మీద మీర్ ఉస్మాన్ అలీఖాన్‌ను ప్రపంచంలోకెల్లా ధనవంతుడని వేసింది. ఆ బొమ్మ నీడ ఇప్పటికీ దూది ఏకేవాడి మీద, సైకిల్ పంక్చర్లు వేసేవాడి మీద పడుతూనే ఉంది. కానీ ఆసఫ్‌జాహీల చరిత్రను ఖజానా వైపు నుంచి చదివితే కనిపించేది ఐశ్వర్యం కన్నా ఎక్కువగా అప్పు.

19వ శతాబ్దం మొదట్లో హైదరాబాద్‌లో విలియం పామర్ అండ్ కంపెనీ అనే బ్యాంకింగ్ దుకాణం ఉండేది. విలియం పామర్ ఈస్టిండియా కంపెనీ జనరల్‌కూ, ఒక మొగల్ ఖాందాన్ బేగంకూ పుట్టినవాడు. నిజాం తన సొంత ఖర్చుతో ఇంగ్లిషు అధికారుల కింద సైన్యాన్ని పోషించాలి. ఆ జీతాలకు ఖజానాలో డబ్బు లేదు. వ్యవహారం నడిపే చందూలాల్ పామర్ దగ్గర అప్పు తీసుకునేవాడు. ఏటా నూటికి 25 వంతున కూడా వడ్డీ కట్టిన అప్పులవి. 1820లో రెసిడెంటుగా వచ్చిన ఛార్లెస్ మెట్‌కాఫ్ ఈ లెక్కలు తవ్వి బయటపెట్టాడు. ఆ తర్వాత పామర్ అప్పు ఎట్లా తీర్చారు? ఉత్తర సర్కార్ల కోసం, అంటే ఇవాళ్టి కోస్తా జిల్లాల కోసం, ఈస్టిండియా కంపెనీ నిజాంకు ఏటా 7 లక్షల పేష్కష్ కట్టాలి. ఆ హక్కును శాశ్వతంగా వదులుకుని, దానికి బదులు వచ్చిన దాదాపు 1 కోటి 16 లక్షలతో తీర్చారు. 1853లో అదే పద్ధతి బీరారుకు పట్టింది. కాంటింజెంట్ సైన్యం బాకీ కింద పత్తి పండే నల్లరేగడి నేల ఇంగ్లిషువాళ్ల చేతికి పోయింది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆ అప్పు చేసినవాడు నవాబు. ఇచ్చినవాడు దొర. సైన్యం ఎవరి అవసరానికో అందరికీ తెలుసు. కట్టింది మాత్రం రైతు, చేనేతవాడు, సిపాయి. వాళ్లలో హిందువులున్నారు, ముస్లింలున్నారు. జీతాలందని సిపాయిలు గోల చేస్తే వాళ్లను అల్లరిమూకలన్నారు. ఖజానా ఖాళీ చేసినవాళ్లను మాత్రం సర్దార్లన్నారు.

అప్పిచ్చినవాళ్లలో ముస్లింలు లేరని చెప్పను. అరబ్ జమాదార్లు, రోహిల్లాలు 19వ శతాబ్దపు దక్కన్‌లో అప్పులిచ్చారు, కత్తి చూపి వసూలు చేశారు, అప్పు కింద తాలూకాల శిస్తునే చేతుల్లో పెట్టుకున్నారు. 1853లో దివాన్ అయిన మొదటి సాలార్‌జంగ్ చేసిన పెద్ద పనుల్లో ఆ తాలూకాలను అరబ్బుల దగ్గర్నుంచి, సాహుకార్ల దగ్గర్నుంచి విడిపించడం ఒకటి. తర్వాత 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం హతమయ్యాక, గోండుల బతుకు పరిశీలించమని నిజాం సర్కారు మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్‌ను ఆదిలాబాద్ అడవులకు పంపింది. పట్టా కాగితం చదవలేని గోండుల భూములు వడ్డీ వ్యాపారుల చేతుల్లోకి, బయటి నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ల చేతుల్లోకి ఎట్లా జారిపోయాయో ఆయన రాశాడు. ఆ బయటివాళ్లలో కోమట్లున్నారు, మరాఠాలున్నారు, ముస్లింలూ ఉన్నారు. వడ్డీవాడికి కులం, మతం ఉండొచ్చు గానీ వడ్డీకి లేవు. దోపిడీ చరిత్ర చెప్పేటప్పుడు మనవాళ్లను వదిలేసి చెబితే అది చరిత్ర అనిపించుకోదు, వకాలత్ అవుతుంది.

కర్జె హసనా

ఈ దోపిడీ పక్కనే, ఇదే నగరంలో, ఇంకో ఆలోచన కూడా పుట్టింది. దాని గురించి తెలుగు పాఠకులకు చెప్పినవాళ్లు తక్కువ.

1891లో హైదరాబాద్‌లో ఒక ఖాద్రీ బుజుర్గ్ పూనికతో వడ్డీ లేని అప్పులిచ్చే సంఘం మొదలైంది. బ్రిటిష్ ఇండియాలో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది 1904లో. అంటే చట్టానికి 13 ఏళ్ల ముందు సంగతి ఇది. తర్వాత సర్కారీ దఫ్తర్లలో చిన్న ఉద్యోగులు అంజుమన్ ఇమ్దాదె బాహ్మీల పేరుతో ఇట్లాంటి సంఘాలు పెట్టుకున్నారు. నెలనెలా తలా కొంత వేసుకోవడం, పెళ్లికో చావుకో అవసరమైనవాడికి ఇవ్వడం, అతడు జీతంలోంచి వాయిదాల్లో అసలు మాత్రం కట్టడం. వడ్డీ లేదు. దీన్నే కర్జె హసనా అంటారు. అప్పు తీసుకున్నవాడు చిక్కుల్లో ఉంటే గడువివ్వాలి, వదిలేస్తే ఇంకా మంచిది అనే ఖురాన్ బోధ దీనికి పునాది.

ఈ సంఘాల చరిత్రను 1955లో ఒక జర్మన్ పత్రికలో రికార్డు చేసినవాడు డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా. ఉస్మానియా యూనివర్సిటీలో పాఠాలు చెప్పిన ఈ హైదరాబాదీ, 1948లో హైదరాబాద్ ప్రతినిధి వర్గంతో ఐక్యరాజ్యసమితికి వెళ్లి మళ్లీ తిరిగి రాలేదు. దేశం లేని మనిషిగా పారిస్‌లో దశాబ్దాలు గడిపి, 2002లో అమెరికాలో కన్నుమూశాడు. ఉస్మానియాలోనే అర్థశాస్త్రం చెప్పిన అన్వర్ ఇఖ్బాల్ ఖురేషీ, 1940లలో వడ్డీ సిద్ధాంతం మీద ఇస్లాం దృష్టితో పుస్తకం రాశాడు. ఇవాళ ప్రపంచమంతా ఇస్లామిక్ ఫైనాన్స్ అని దుబాయ్ వైపు, లండన్ వైపు, కౌలాలంపూర్ వైపు చూస్తోంది. ఆ చర్చకు ఆధునిక రూపం ఇచ్చిన తొలి చోట్లలో మూసీ ఒడ్డు ఒకటని ఎంతమందికి తెలుసు?

నేను ఆ సంఘాలను ఆదర్శ లోకంగా చూపించడం లేదు. జీతమున్నవాడికే అవి పనికొచ్చాయి. పొలం కూలీకి, దూదేకులవాడికి, ఇంట్లోని ఆడవాళ్లకు అవి అందలేదు. అయినా వాటిలో ఒక విలువ ఉంది. అప్పు అంటే ఒకడి అవసరం మీద ఇంకొకడు లాభం తీసుకోవడమే అనే సూత్రాన్ని అవి ఒప్పుకోలేదు.

1948లో పోయిందేమిటి?

పోలీసు చర్య అని పిలిచే సైనిక చర్య 1948 సెప్టెంబరు 13 నుంచి 17 దాకా జరిగింది. ఆ రోజుల్లో, ఆ తర్వాతి వారాల్లో జిల్లాల్లో జరిగిన హత్యల్లో 27 వేల నుంచి 40 వేల మంది దాకా పోయి ఉంటారని పండిట్ సుందర్‌లాల్ బృందం అంచనా వేసింది. ప్రాణాల లెక్క అది. బతికినవాళ్ల లెక్క ఎవరూ వేయలేదు. ఇంట్లో సంపాదించే మగవాడు పోయాడు. దుకాణం లూటీ అయింది. పోలీసులో, ఫౌజులో, దఫ్తర్లో నౌకరీ ఊడింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. రద్దు కావాల్సిందే. కానీ జాగీర్దారుకు పరిహారం వచ్చింది, ఆ దేవిడీలో పనిచేసిన బావర్చీకి, చప్రాసీకి ఏమీ రాలేదు. ఉర్దూ పోయి కొత్త దఫ్తరీ భాషలు రావడంతో చదువుకున్నవాడి చదువు కూడా చెల్లని నోటయింది.

అప్పు దృష్టితో చూస్తే దీని అర్థం ఒక్కటే. సాఖ్ పోయింది. జామీను ఉండే మనిషి లేడు, చూపించే జీతం లేదు, తాకట్టు పెట్టే ఇల్లు మిగల్లేదు. 1941లో నిజాం సర్కారు పెట్టిన హైదరాబాద్ స్టేట్ బ్యాంకు తర్వాత స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అయి, 2017లో ఎస్‌బీఐలో కలిసిపోయింది. బ్యాంకుకు వారసత్వం దొరికింది. ఆ నగరపు పేద ముస్లింకు దొరకలేదు.

1969లో 14 పెద్ద బ్యాంకులు జాతీయమయ్యాయి. అప్పుల్లో 40 శాతం వ్యవసాయం, చిన్న పరిశ్రమ, బలహీన వర్గాలు వంటి ప్రాధాన్య రంగాలకు ఇవ్వాలనే నియమం తర్వాతి ఏళ్లలో వచ్చింది. కాగితం మీద మైనారిటీలకూ అందులో చోటుంది. పాతబస్తీకి చేరింది మాత్రం కొసరే. డెబ్బయ్యల్లో తలుపు తెరిచింది గల్ఫ్. బేగం మెళ్లో నగ గిర్వీ పెట్టి ఏజెంటుకు కట్టి, జిద్దాకో దుబాయ్‌కో వెళ్లి, రెండేళ్లు కష్టపడి ఆ నగ విడిపించుకున్న కుటుంబాలెన్నో. మన మధ్యతరగతి ఆ గిర్వీ దుకాణం మీదుగానే నడిచి వచ్చింది.

1991, 1992

మన దేశంలో నయా ఉదారవాదానికి 1991 పుట్టిన సంవత్సరం. అప్పుడు ప్రధాని తెలుగువాడు పీవీ నరసింహారావు. ఆ ఏడాదే వచ్చిన నరసింహం కమిటీ రిపోర్టు ప్రాధాన్య రంగం వాటాను 40 నుంచి 10 శాతానికి కుదించమంది. అంతగా కుదించలేదు గానీ ఆలోచన మారిపోయింది. బ్యాంకు శాఖ ఎంతమందికి ఉపయోగపడుతోంది అనే లెక్క పోయి ఎంత లాభం తెస్తోంది అనే లెక్క వచ్చింది. ఆ దశాబ్దంలో గ్రామీణ శాఖల సంఖ్య పెరగడం ఆగి తగ్గడం మొదలైంది.

మరుసటి ఏడు డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూలింది. అంతకు రెండేళ్ల ముందు, 1990 డిసెంబరులో, హైదరాబాద్ నెత్తురోడింది. మార్కెట్ తెరుచుకోవడం, మసీదు కూలడం రెండూ వేరువేరు సంగతులని మన ఆర్థికవేత్తలు అనుకుంటారు. బస్తీలో ఉన్నవాడికి అవి వేరుకావు. కల్లోలంలో దుకాణం కాలితే సరుకు పోతుంది, సరుకుతో పాటు జామీను పోతుంది. బస్తీకి చెడ్డపేరు వస్తుంది. చెడ్డపేరున్న బస్తీకి అప్పు ఇవ్వడం రిస్కు. రిస్కు అనే మాట వినడానికి లెక్కల మాటలా ఉంటుంది. దాని లోపల కల్లోలం ఉంది, కర్ఫ్యూ ఉంది, పక్షపాతం ఉంది.

ఇది నా ఊహ కాదు. 2006లో సచార్ కమిటీ ఈ సంగతి నమోదు చేసింది. ముస్లింలు ఎక్కువగా ఉండే కొన్ని ప్రాంతాలను బ్యాంకులు అప్పులివ్వదగని జోన్లుగా పెట్టుకున్నాయని చెప్పింది. 2001 జనాభా లెక్కల్లో ముస్లింలు 13.4 శాతం. ప్రాధాన్య రంగపు ఖాతాల్లో వాళ్ల వాటా 12 శాతం దాకా ఉంది. అప్పు మొత్తంలో మాత్రం 5 శాతం లోపు. బ్యాంకుల్లో వాళ్లు దాచుకున్న డబ్బులో వాటా కన్నా వాళ్లు తీసుకున్న అప్పులో వాటా తక్కువ. అంటే బ్యాంకు గడప తొక్కరనే మాట అబద్ధం. తొక్కుతున్నారు. వాళ్ల డబ్బు లోపలికి పోతోంది, తిరిగి వాళ్ల బస్తీకి రావడం లేదు.

లెక్కల వెనక సంస్కృతి

ఫైనాన్స్‌కు సంస్కృతి ఏమిటి, అది గణితం కదా అంటారు. మానవశాస్త్రవేత్తలు ఈ మాట ఒప్పుకోరు. కేరన్ హో అనే మానవశాస్త్రవేత్త ఆదివాసీ గూడేనికి వెళ్లినట్టే వాల్‌స్ట్రీట్ బ్యాంకులకు వెళ్లింది, అక్కడ ఉద్యోగం చేసి చూసింది. 2009లో వచ్చిన ఆమె పుస్తకం చెప్పేది ఇది. పెద్ద కాలేజీల నుంచి వచ్చిన ఆ ఉద్యోగులు తామే అందరికన్నా తెలివైనవాళ్లమని నమ్ముతారు. తమ కొలువు ఎప్పుడు ఊడుతుందో తెలియని అస్థిరతనే గొప్ప గుణంగా భావిస్తారు. ఆ అస్థిరతను లోకంలోని కార్మికులందరికీ మందుగా రాస్తారు. అంటే మార్కెట్ సహజ నియమం అని మనకు చెప్పేది నిజానికి ఒక చిన్న తెగ ఆచారం.

డేవిడ్ గ్రేబర్ 2011లో అప్పు చరిత్ర రాస్తూ ఇంకో సంగతి పట్టుకున్నాడు. అప్పు కట్టకపోవడం పాపం అనే నీతి ఎప్పుడూ బలహీనుడికే గట్టిగా వర్తిస్తుందని, బలవంతుల మధ్య అప్పులు మాట్లాడుకుని సర్దుకోవచ్చని చూపించాడు. పామర్ అప్పును, కాంటింజెంట్ అప్పును గుర్తు చేసుకుంటే మనకు ఇది కొత్తగా తోచదు.

క్లిఫర్డ్ గీర్ట్జ్ 1962లో మన చిట్టీల వంటి వాటి మీద రాశాడు. పల్లె బతుకు నుంచి వ్యాపార బతుకులోకి ఎక్కే నిచ్చెనలో అవి నడిమి మెట్టు అన్నాడు. మన ఆడవాళ్లు ఇప్పటికీ చిట్టీలు వేస్తూనే ఉన్నారు. పదిమంది కలిసి నెలనెలా తలా కొంత వేసుకుంటారు, వంతు వచ్చినామె చిట్టీ ఎత్తుకుంటుంది. బిడ్డ పెళ్లి, కాన్పు, స్కూలు ఫీజు అన్నీ దానిమీదే. అరవై ఏళ్లు దాటినా వాళ్లు ఆ నడిమి మెట్టు మీదే ఉన్నారెందుకు? పై మెట్టు మీద నిలబడ్డవాడు చెయ్యి అందించలేదు కాబట్టి.

పేదల ఎతబార్ మీద వ్యాపారం

పై మెట్టు వాడు చెయ్యి అందించకపోయినా కింది మెట్టు మీద మాత్రం కన్నేశాడు. ఆడవాళ్ల మధ్య ఉన్న నమ్మకమే మైక్రోఫైనాన్స్‌కు ముడిసరుకు. ఐదుగురు ఆడవాళ్ల గ్రూపు, ఒకామె కట్టకపోతే మిగతా నలుగురు కట్టాలి. చిట్టీలో పరువుగా ఉన్నది ఇక్కడ జామీను అయింది. 2006లో కృష్ణా జిల్లాలో వసూళ్ల మీద ఫిర్యాదులు వచ్చి అధికారులు 50 దాకా శాఖలు మూయించారు. ఎవరూ పాఠం నేర్చుకోలేదు. 2010 ఆగస్టులో హైదరాబాద్ కేంద్రంగా ఉన్న ఎస్‌కెఎస్ మైక్రోఫైనాన్స్ షేర్ మార్కెట్‌కు వెళితే జనం ఎగబడి కొన్నారు. రెండు నెలలు తిరక్కముందే ఆంధ్రప్రదేశ్ జిల్లాల నుంచి ఆత్మహత్యల వార్తలు వచ్చాయి, అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. ముస్లిం, దళిత, బీసీ ఆడవాళ్ల వారం వారం వాయిదాలు ఎక్కడో ముంబయిలో షేరు ధర అయ్యాయి.

2020 నాటికి గ్రూపు కూడా అక్కర్లేకపోయింది. సెల్‌ఫోన్‌లో లోన్ యాప్ వచ్చింది. అప్పు తీసుకున్నవాడి ఫోన్లో ఉన్న నంబర్లన్నీ లాక్కుని, చుట్టాలకు ఫోన్లు చేసి బజారుకీడ్చింది. ఆ డిసెంబరులో హైదరాబాద్ పోలీసులు కేసులు పెట్టాల్సి వచ్చింది. రోహిల్లా గుమ్మం ముందు కూచుని పరువు తీసేవాడు. యాప్ జేబులో కూచుని తీస్తుంది.

మన లోపలి నుంచి కూడా దెబ్బ తగిలింది. వడ్డీ వద్దు, హలాల్ లాభం ఇస్తాం అని చెప్పిన కంపెనీలను జనం నమ్మారు. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన హీరా గోల్డ్ మీద డిపాజిటర్ల ఫిర్యాదులతో 2018లో అధినేత్రి అరెస్టయింది. 2019లో బెంగళూరులో ఐఎంఏ కూలింది. రిటైరైన టీచర్లు, గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్లు, విధవలు వేల సంఖ్యలో రోడ్డున పడ్డారు. వాళ్లను అత్యాశపరులనడం సులువు. ఒకవైపు బ్యాంకు వాళ్లను రిస్కు అంది, ఇంకోవైపు వాళ్ల విశ్వాసానికి సరిపోయే చట్టబద్ధమైన దారి ఏదీ లేదు. తలుపులన్నీ మూసిన ఇంట్లోకి దొంగ కిటికీలోంచే వస్తాడు.

దారి ఉండొచ్చని చెప్పినవాళ్లున్నారు. 2008లో రఘురామ్ రాజన్ కమిటీ వడ్డీ లేని బ్యాంకింగ్‌ను పరిశీలించమంది. 2017లో రిజర్వు బ్యాంకు ఆ ప్రతిపాదన ముందుకు తీసుకుపోవడం లేదని తేల్చేసింది. ఇది మతానికి రాయితీ అడగడం అనుకున్నవాళ్లు ఆలోచించాలి. వడ్డీ భారం మోయలేని కౌలురైతుకు, నేతన్నకు లాభనష్టాలు పంచుకునే అప్పు అక్కర్లేదా?

ఏం అడుగుదాం?

బైతుల్‌మాల్‌లు ఉండాలి, చిట్టీలు ఉండాలి. దేవ్‌బంద్‌లో 1961లో మొదలైన ముస్లిం ఫండ్ లాంటివి ఇంకా రావాలి. వాటి లెక్కలు జమాత్ ముందు, చట్టం ముందు తెరిచి ఉండాలి. అల్లా పేరు చెప్పినవాడి ఖాతా తనిఖీ చేయడం ఈమాన్‌కు విరుద్ధం కాదు. ఆడవాళ్లు కూడబెట్టిన డబ్బు మీద పెత్తనం ఆడవాళ్లకే ఉండాలి.

కానీ అక్కడితో ఆగితే మోసపోతాం. మీ జకాత్‌తో మీ పేదలను మీరే చూసుకోండి అనడం నయా ఉదారవాదానికి చాలా ఇష్టమైన మాట. సర్కారు తన బాధ్యత దులుపుకోవడానికి మన ధర్మగుణం సాకు కాకూడదు. జాతీయ బ్యాంకుల్లో ఉన్నది ప్రజల సొమ్ము, అందులో మన సొమ్మూ ఉంది. ఏ శాఖ, ఏ బస్తీలో, ఎవరికి ఎంత అప్పు ఇచ్చిందో, ఎన్ని దరఖాస్తులు ఏ కారణంతో తిప్పి పంపిందో శాఖల వారీగా గోడ మీద అతికించాలని అడగాలి. మైనారిటీలకు అప్పుల మీద రిజర్వు బ్యాంకు సర్క్యులర్లు ఉన్నాయి. వాటి అమలు లెక్క అడగాలి. ఈ ప్రశ్న ఒంటరిగా ముస్లింలే అడగాల్సింది కూడా కాదు. గోండు భూమి పోగొట్టిన కాగితం, దళితవాడకు అప్పు రాకుండా ఆపిన కాగితం, పాతబస్తీని రిస్కు అన్న కాగితం ఒకే చేతి రాత.

తన గురించి రాసిన కాగితం చదవలేక గోండు భూమి పోగొట్టుకున్నాడు. మన గురించి రాసిన కాగితం ఇవాళ కంప్యూటర్‌లో ఉంది, దాన్ని మనకు చూపించరు. చూపించమని అడగడంతోనే మన పని మొదలవుతుంది.